కొళాయి కింద ఇరవై నిమిషాలు

గంజి గిన్నెను ఇద్దరు మోయాలి. అటొకరు, ఇటొకరు మసిగుడ్డలతో పిడులు పట్టుకుని, పొయ్యి మీంచి లేపి, ఆరడుగులు పక్కకు నడిచి, సిమెంటు దిమ్మ మీద దించాలి. దించే ముందు ఇద్దరిలో ఒకరు "దించుతున్నా" అనాలి. రెండోవాళ్ళు "ఊఁ" అనాలి. ఇది మా లాండ్రీ గోడ మీద ఎక్కడా రాసి లేదు. పనిలో చేరిన రోజు అందరికీ ముందుగా నేర్పేది మాత్రం ఇదే.

మేమిద్దరం ఆ మాట అనుకోవడం మానేసి నాలుగు నెలలయింది.

ఆమె నా తోడికోడలు. మా బావగారి భార్య. నేను అక్కా అనాలి, ఆమె నన్ను చిన్నదానా అనేది. పై గది వాళ్ళది, కింది గది మాది, వంటగదీ అత్తగారూ ఇద్దరికీ ఉమ్మడి. పనీ ఒకే చోట. ఇంత దగ్గరగా బతికే ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఉండాలంటే చాలా శ్రమపడాలి. మేం పడ్డాం. ఆమె ఉప్పు డబ్బా తీసి మళ్ళీ పెట్టేదాకా నేను పొయ్యి వైపు తిరిగి నిలబడేదాన్ని. స్నానాల గది గడియ చప్పుడైతే ఆమె మెట్ల మీదే ఆగిపోయేది. మా ఆయన ఒకసారి నవ్వుతూ, "మీ ఇద్దరికీ ఉన్నంత అవగాహన ఏ మొగుడూ పెళ్ళాలకీ ఉండదు" అన్నాడు. ఆ రోజు అతని చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు.

గంజి గిన్నె విషయంలోనూ అంతే. పిడి బరువులో రవ్వంత తేడా వస్తే చాలు, ఆమె మోకాళ్ళు వంచుతోందని నాకు తెలిసిపోయేది. నాలుగు నెలల్లో ఒక్క చుక్క కింద పడలేదు. దానికి నాలో ఒక గర్వం కూడా ఉండేది. ఇంత నేర్పుగా ఒకరిని అసహ్యించుకోగలను కదా అని.

కారణం ఒక ఉంగరం. చెబితే చాలా చిన్నగా ఉంటుంది.

అత్తగారు జారిపడి తుంటి విరిగినప్పుడు రెండు నెలలు మంచం దిగలేదు. ఆ రెండు నెలలూ ఆవిణ్ణి తిప్పి పడుకోబెట్టింది నేను, ఒళ్ళు తుడిచింది నేను, మలమూత్రాలు ఎత్తింది నేను. లేచి నడవగలిగిన రోజు ఆవిడ తన వేలి ఆకుపచ్చ రాయి ఉంగరం తీసి అక్క చేతిలో పెట్టింది. నా వైపు చూసి, "నీకిస్తే ఎక్కడో పారేసుకొస్తావే. నీ చేతిలో ఏదీ నిలవదు" అంది. నవ్వుతూనే అంది. నాకా ఉంగరం అక్కర్లేదు. ఆ రెండు నెలల్నీ ఎవరైనా చూశారని తెలిస్తే చాలు. అక్క ఒక్క మాట అనొచ్చు, "అత్తయ్యా, చేసింది చిన్నది కదా" అని. అనలేదు. వేలు చాపింది.

మర్నాడు దాన్ని పనిలోకి పెట్టుకొచ్చింది. లాండ్రీలో గాజులే వేసుకోం, ఆవిరికి వేడెక్కి మణికట్టు చురుక్కుమంటుంది. ఆమె మాత్రం ఉంగరం తియ్యలేదు.

నాలుగు నెలలు ఇలాగే గడిచాక ఒక రోజు, పొద్దున పదకొండు దాటింది. హోటలు బల్లగుడ్డల కోసం కాచిన చిక్కటి గంజి. గిన్నె లేపాం, నడిచాం. ఆమె మసిగుడ్డ కొంచెం పక్కకు జరిగి, కింద ఆ పచ్చరాయి మెరిసింది. నేను ముఖం తిప్పుకున్నాను. ముఖం తిప్పుకుంటూనే నా వైపు దించేశాను. ఆమె ఇంకా దించలేదు.

గిన్నె అటు ఒరగలేదు, నా వైపే ఒరిగింది. నిజానికి కాలాల్సింది నేను. ఒరిగిపోతున్న గిన్నెను ఆపడానికి ఆమె తన పిడి వదిలేసి, రెండు చేతులూ చాచి నా వైపు అంచు పట్టుకుంది. సగం గంజి ఆమె చేతుల మీదుగా పోయింది.

ఆమె అరవలేదు. చేతులు తనవి కానట్టు వాటిని ముందుకు చాపి చూస్తూ నిలబడింది. గంజి నీళ్ళలా జారిపోదు. పట్టుకుని కూర్చుంటుంది, తన వేడి మొత్తం చర్మానికి ఇచ్చేదాకా వదలదు. ఆ తెల్లటి ముద్దలోంచి ఆవిరి వస్తోంది.

నేను ఆమె మోచేతులు పట్టుకుని ఉతికే తొట్టి దగ్గరికి లాక్కెళ్ళి కొళాయి పూర్తిగా తిప్పాను. నీళ్ళ జోరుకు గంజి పేలికలుగా ఊడి తొట్టిలో పడింది. దాని కింద చేతులు, మణికట్టు దాకా, ఉడికిన ఎరుపు. తొట్టి పక్కనే భుజం ఎత్తులో ఉన్న గోడ గడియారం అద్దానికి ఎప్పుడూ ఆవిరి పట్టి ఉంటుంది. భుజంతో తుడిచి చూశాను. పదకొండూ పది. పదకొండున్నర దాకా, అనుకున్నాను.

ఈ లెక్క నాకు ఎలా తెలుసంటే, ఊళ్ళో పెద్దాసుపత్రి దుప్పట్లు ఉతికేది మేమే. ప్రతి మంగళవారం కాలిన గాయాల వార్డుకి వెళ్ళి మాసినవి మూటగట్టి తెచ్చేది నేను. అక్కడి నర్సు ఎప్పుడూ కోపంగానే ఉంటుంది. "ఒకడు పేస్టు పూసుకొస్తాడు, ఒకడు సిరా పూసుకొస్తాడు, ఒకావిడ వెన్న! అది గోకి తీసేసరికి చర్మం కూడా వస్తుంది. కొళాయి లేదా ఇళ్ళల్లో? మామూలు నీళ్ళు, ఇరవై నిమిషాలు! ఉంగరాలూ గాజులూ ముందే తీసి చావరు, వాచాక నేను కట్టరు పట్టుకోవాలి" అని దుప్పట్లు నా మీదకి విసురుతూ తిట్టేది. ఎవరినో తిట్టాల్సిన తిట్లన్నీ నేనే విన్నాను. విన్నవి మర్చిపోలేదు.

"వేలు చాపు," అన్నాను.

నాలుగు నెలల తర్వాత ఆమెతో నేనన్న మొదటి మాట అది.

ఆమె గుప్పిట మూసింది. ఆ చెయ్యిని, ఆ స్థితిలో, గుప్పిటగా మూసింది. అప్పుడు అరిచింది, నొప్పికి. గుప్పిట మాత్రం తెరవలేదు.

"దాన్ని ముట్టుకోకు."

"వాస్తుంది. ఇంకో అయిదు నిమిషాలైతే రాదు."

"రాకపోతే నాకే కదా. నీకెందుకు?"

"వేలు నల్లబడిపోతుంది."

"నువ్వు కోరుకునేదదే."

"అవును, అదే కోరుకుంటున్నా. ఇప్పుడు చాపు!"

ఆమె నా కళ్ళలోకి చూసింది. ఏం కనిపించిందో నాకు తెలియదు. జాలి మాత్రం అయుండదు, ఎందుకంటే నాలో అప్పుడు జాలి లేదు. ఇంత చేసి, ఇలా నా చేతుల్లో పడిందే అన్న కోపం తప్ప ఇంకేమీ లేదు. ఆమె వేలు చాపింది.

గంజి జిగురు ఇంకా ఉంది, అదే సాయం చేసింది. ఉంగరాన్ని తిప్పుతూ, మెల్లిగా కణుపు దాటించాను. ఆమె నా భుజానికి నుదురు ఆన్చి, పళ్ళు బిగించి తిట్టింది. నన్ను కాదు. "ముసలిదానా, నీ ఉంగరం తగలెయ్య. నీ తుంటి తగలెయ్య."

ఉంగరం నా చేతిలోకి వచ్చింది. ఎక్కడ పెట్టాలి? ఒంటి మీద రబ్బరు ఏప్రను, దానికి జేబు లేదు. తొట్టి గట్టు నీళ్ళతో జారిపోతోంది. రెండు చేతులతోనూ ఆమె మణికట్లు పట్టుకుని ఉండాలి, లేకపోతే నొప్పికి వెనక్కి లాగేసుకుంటోంది. నా వేలికి పెట్టుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది. వచ్చినందుకే పెట్టుకోలేదు. నోట్లో వేసుకున్నాను.

సరిగ్గా అప్పుడు జనం వచ్చారు.

ముందుగా ఇస్త్రీ తాత. నలభై ఏళ్ళుగా ఇస్త్రీ పెట్టె పట్టిన మనిషి, ముంజేతుల నిండా పాత మచ్చలు. చేతిలో పేస్టు గొట్టం, మూత కూడా తీసేశాడు.

"పక్కకు జరుగు అమ్మాయ్. ఇది రాస్తే చల్లగా ఉంటుంది. నా చేతులు చూడు, అన్నిటికీ ఇదే మందు."

చూశాను. ఆ మచ్చలన్నీ ఎందుకు అలా గట్లు కట్టాయో నాకు అర్థమైంది. చెప్పడానికి నోరు లేదు. "ఊఁహూఁ" అన్నాను, మోచేత్తో ఆయన్ని నెట్టాను.

"ఇంత జరిగాక కూడా మూగనోమేనా మీ ఇద్దరికీ?" అన్నాడు తాత. "మనిషి చేతులు ఉడికిపోయాయి, ఇంకా పంతాలేంటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుక కింద ఉంగరం చల్లగా, ఇనుప రుచితో ఉంది. గడియారం వైపు కళ్ళు తిప్పి, కొళాయి వైపు తిప్పి, ఆయనకి సైగ చేశాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు. గొట్టం నొక్కాడు. పేస్టు నా భుజం మీద పడింది.

"దాన్నేం అడుగుతావు తాతా, అది చెప్పదు," అంది అక్క, వణుకుతూ. "దాని నోట్లో నా ఉంగరం ఉంది."

తాత మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇంట్లో ఎవరికీ బుర్ర సరిగ్గా లేదమ్మా," అన్నాడు.

అంతలో మేనేజరు వచ్చాడు, ఎదురు కూల్‌డ్రింకుల కొట్లోంచి బకెట్ నిండా ఐసు పట్టుకుని. ఆయన ముఖంలో భయం ఉంది. ఆ భయం ఆమె చేతుల గురించి కాదు, పైనుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో అని. ఆయన భయాలు నాకు తెలుసు.

"తప్పుకో. కొళాయి నీళ్ళతో ఏమవుతుంది? ఐసులో పెట్టాలి, ఐసులో!"

నేను అడ్డంగా తల ఊపాను. ఆయన నన్ను దాటి ఆమె ముంజెయ్యి పట్టుకుని లాగాడు. చేతులు నీళ్ళలోంచి బయటికొచ్చాయి. ఆయన బొటనవేలి కింద ఆమె చర్మం తడిసిన కాగితంలా ముడతపడటం చూశాను.

"వదులు!"

నా నోట్లోంచి ఉంగరం తొట్టిలో పడింది. ఒకసారి ఎగిరి, గుండ్రంగా ఒక చుట్టు తిరిగింది. దారప్పోగులు అడ్డుపడుతున్నాయని తూము మీది జాలీని ఎప్పుడో పీకేశారు. ఉంగరం ఆ కన్నంలోకి జారిపోయింది. చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు.

అందరం ఆ కన్నాన్నే చూశాం.

ఆ తర్వాత నేను నోరు తెరిచాను. ఇప్పటిదాకా మూసి ఉంచిన నోరు. "ఐసు తీసుకెళ్ళి నీ నెత్తిన పెట్టుకో! ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు. గిన్నెకి చక్రాల బండి చేయించమని రెండేళ్ళుగా అడుగుతున్నాం, ఏమన్నావు? ఇద్దరు ఆడమనుషులున్నారుగా అన్నావు. ఇప్పుడు బకెట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చావా? తాతా, ఆ పేస్టు పారేసి, ఆరిన దుప్పట్లలోంచి వెచ్చటిదొకటి తెచ్చి ఆమెకి కప్పు. వణికిపోతోంది. చేతులు తప్ప మిగతా ఒళ్ళంతా కప్పు. పో!"

మేనేజరు వెనక్కి తగ్గాడు. తాత వెళ్ళాడు. నేనన్నవన్నీ నిజాలే, ఒక్క అబద్ధం లేదు. కానీ అరుస్తూనే నాకు తెలుస్తోంది. నా తప్పుని నేను ఆ లేని బండి చక్రాల కిందికి తోసేస్తున్నాను. కోపం అంత సులువుగా దొరకడమే దాని మీద అనుమానం పుట్టించింది.

"కావాలనే ఉమ్మేశావు," అంది అక్క మెల్లిగా. కళ్ళు ఇంకా ఆ కన్నం మీదే ఉన్నాయి.

"నోరు ముయ్యి. చేతులు నీళ్ళ కింద పెట్టు."

పెట్టింది.

పదకొండూ ఇరవై రెండుకి బావగారు వచ్చాడు. లాండ్రీ వ్యాను తోలేది ఆయనే. ఎవరో ఫోను చేసినట్టున్నారు, ఇంజను ఆపకుండానే లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటిది? ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా కొళాయి కింద పెట్టి ఆడుకుంటున్నారా? పద, పద!"

"ఇంకా ఎనిమిది నిమిషాలుంది బావగారూ."

"ఎనిమిది నిమిషాలేంటి? ముహూర్తమా? నువ్వేమైనా డాక్టరువా?"

"ప్రతి మంగళవారం ఆ వార్డు ముందు మీరు వ్యానులో నిద్రపోతారు. లోపలికి వెళ్ళేది నేను. ఆ దుప్పట్లకి ఏం అంటుకుని ఉంటుందో నేను చూశాను, మీరు చూడలేదు. ఇంజను ఆపండి. వెనక మూటలు తీసి చోటు చెయ్యండి."

ఆయన నా మీద చెయ్యి ఎత్తుతాడనుకున్నాను. అక్క దుప్పటిలోంచి తల బయటపెట్టి, "ఉండండి. దీన్ని చెయ్యనివ్వండి," అంది.

దీన్ని. నన్ను ఒక వస్తువులా అంది. ఆ మాటకి ఆయన ఆగిపోయాడు, నాకు మాత్రం మండింది. ఎందుకంటే ఆ మాటలో ఆమె నన్ను నమ్మింది. నన్ను నమ్మే హక్కు ఆమెకి ఎవరిచ్చారు? ఎనిమిది నిమిషాలూ నేను ఆ కోపంతోనే నిలబడ్డాను. నా చేతులు కూడా చల్లబడి మొద్దుబారిపోయాయి. ఎవరి మణికట్టులో నాడి కొట్టుకుంటోందో తెలియలేదు.

పదకొండున్నరకి కొళాయి కట్టేశాను. చొక్కాలకి తొడిగే పల్చటి ప్లాస్టిక్ సంచులు మా దగ్గర చుట్టలుగా ఉంటాయి. పై వరసలు వదిలేసి, ఎవరూ ముట్టని లోపలి వాటిని చింపి ఒక్కో చేతికి ఒక్కోటి వదులుగా తొడిగాను. ముడి వెయ్యలేదు. వ్యానులో ఆమె మోచేతుల కింద మడిచిన దుప్పట్లు పెట్టి చేతులు పైకి ఉంచాను. దారంతా ఆ రెండు సంచుల్లోపల ఆవిరి పట్టిన వేళ్ళు నా ముఖం ముందు ఊగుతూ వచ్చాయి.

వార్డులో అదే నర్సు. సంచులు తీసి వాసన చూసింది.

"పేస్టు లేదేంటి?" అంది, ఏదో తక్కువైనట్టు.

"నా భుజం మీద ఉంది."

"ఎంతసేపు పెట్టారు నీళ్ళ కింద?"

"ఇరవై."

"అందరూ ఇరవై అనే చెబుతారు. రెండు నిమిషాలకే తీసేసి ఇరవై అంటారు."

"గడియారం చూశాను," అన్నాను. నా గొంతు విని ఆమె తలెత్తి నన్ను చూసింది. మంగళవారం మనిషినని అప్పుడు గుర్తుపట్టింది. కుడిచేతి ఉంగరం వేలిని పైకెత్తి చూసింది. వేలు అప్పటికే రెండింతలైంది. ఉంగరం చోట ఒక తెల్లటి గీత మిగిలింది.

"ఇది తీసిందెవరు?"

అక్క నా వైపు గడ్డం ఊపింది.

"తియ్యకపోతే ఈపాటికి ఈ వేలికి రక్తం ఆడేది కాదు. ఎడమచెయ్యి త్వరగానే మానుతుంది. కుడిదానికి టైం పడుతుంది, కానీ నిలబడింది. కట్టులోపలే వేళ్ళు కదుపుతూ ఉండాలి, నొప్పని ఊరుకుంటే బిగుసుకుపోతాయి," అని డ్రెస్సింగు మొదలుపెట్టింది. వేలుకీ వేలుకీ మధ్య విడివిడిగా.

ఇంట్లో అత్తగారు చేతుల కట్లు చూసి ఏడ్చింది. ఏడుపు సగంలో ఆగి, "ఉంగరం?" అంది.

ఆవిడ అడుగుతుందని నాకు తెలుసు. చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. నా నోట్లోంచి పడిపోయింది, నువ్వన్నట్టే అయింది, సంతోషమా, అని.

"ఆస్పత్రిలో కోసేశారు," అంది అక్క. "వేలు వాచిపోయింది. ముక్కలు ఏమయ్యాయో."

"ముక్కలైనా అడక్కపోయావా?" అంది అత్తగారు.

ఆ తర్వాత మూడు రోజులు నేను ఆ అబద్ధంతో రగిలిపోయాను. నా తప్పు నన్ను చెప్పుకోనివ్వలేదు. ఆమె కాలిన చేతులతో నన్ను కాచింది, అదీ రెండోసారి. గిన్నె అంచు పట్టుకున్నది మొదటిసారి. ఒక సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు, పాత కోటు గుండీ ఒకటి నాలుక కింద పెట్టుకుని, అద్దం ముందు "వదులు" అని అరిచి చూశాను. గుండీ పడలేదు. మళ్ళీ అరిచాను. పడలేదు. మూడోసారి పడింది.

నాలుగో రోజు ఆమెకి అన్నం తినిపిస్తున్నాను. చెంచాతో, మాటలు లేకుండా. కట్టు కట్టిన రెండు చేతులూ దిండు మీద పెట్టుకుని ఆమె నోరు తెరుస్తోంది, నేను పెడుతున్నాను. ఇదీ గంజి గిన్నె మోసినట్టే ఉంది, ఎవరి వంతు ఎప్పుడో ఇద్దరికీ తెలుసు.

"ఎందుకు చెప్పావు ఆ అబద్ధం?" అన్నాను.

"నీ కోసం అనుకుంటున్నావా? నీ మొహానికి అంత లేదు," అంది. "నిజం చెబితే ఆవిడ ఈ మంచం పక్కనే కూర్చుని నెల్లాళ్ళు దాని గురించే చెబుతుంది. చెవులు మూసుకుందామన్నా నాకు చేతుల్లేవు కదా."

ఇంకో చెంచా పెట్టాను. నమిలింది. మింగింది.

"గిన్నె నువ్వే ముందు దించావు."

"అవును."

చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. ఆ ఒక్క ముక్క తప్పించుకోవడానికి నాలుగు రోజులుగా నా లోపల ఎన్ని వాక్యాలు తయారుచేసుకున్నానో. బండి గురించి, జారే నేల గురించి, మసిగుడ్డ గురించి. ఏదీ బయటికి రాలేదు.

"మరి ఉంగరం?"

"అది నాకూ తెలీదు."

ఆమె దిండు మీద కుడిచేతి కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళ కొసల్ని కదపడం మొదలుపెట్టింది, నర్సు చెప్పినట్టు, ఒకటి తర్వాత ఒకటి. ఉంగరం వేలు దగ్గరికి వచ్చేసరికి ముఖం ముడుచుకుపోయింది. అయినా కదిపింది.

నేను ఇంకో చెంచా తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె తల వెనక్కి లాక్కుంది.

"వేడిగా ఉంది," అంది. "ఊది పెట్టు."

కోపంగానే ఊదాను.